మా ఇంటి పద్దుకు ఎవరు ఓటేశారు?

2025 ఫిబ్రవరి 28, శుక్రవారం. ముదిగుబ్బ

పయ్యావుల కేశవ్ గారు ఈరోజు అసెంబ్లీలో 2025-26 బడ్జెట్ చదివారు. మొత్తం 3.22 లక్షల కోట్లు. ఆర్థిక మంత్రిది ఉరవకొండ, మన పాత అనంతపురం జిల్లానే. అందుకని బస్టాండు పక్క టీకొట్టులో టీవీ ముందు కాస్త ఎక్కువమందే నిలబడ్డారు. హంద్రీ-నీవా మాట వచ్చినప్పుడు చెవులు రిక్కించారు. మిగతా అంకెలు వచ్చినప్పుడు ఎవరి టీ వాళ్ళు తాగారు.

మా వీధి చివర అద్దె రేకులకొట్టంలో ఉండే సుగాలి ఆమె సాయంత్రం ఇంటికొచ్చింది. ఆమె ఇల్లు ఊరి బయట లేఔట్‌లో బేస్‌మెంట్ దాకా లేచి ఆగిపోయింది. మొగుడు బెంగళూరులో బేల్దారి పనికి పోతాడు, పండగకో పబ్బానికో వస్తాడు. గడప దగ్గర నిలబడే అడిగింది.

"సార్, నా ఇంటికి దుడ్లు పెట్టినారా దాంట్లో?"

గృహనిర్మాణానికి ఒక పద్దు ఉంటుందమ్మా, అందులో నీ ఇల్లూ ఉంటుంది, ఇంకా సభలో చర్చ జరగాలి, ఓటు జరగాలి అన్నాను.

"ఓటా? ఎవరేస్తారు?"

"ఎమ్మెల్యేలు."

"అట్లయితే మనం గెలిపిచ్చి పంపిచ్చినాం గదా, ఆయప్ప ఆడ నా ఇంటికి ఓటేస్తాడో లేదో ఎట్ల తెలుస్తాది?"

ఏళ్ళ తరబడి హైస్కూల్లో పౌరశాస్త్రం చెప్పాను. ఇంత సూటి ప్రశ్న ఏ పిల్లాడూ అడగలేదు. తెలుసుకుని చెప్తానని ఆమెకు మాటిచ్చాను. అందుకే ఈ పుటలు రాసుకుంటున్నాను.

మార్చి 2, ఆదివారం

ముందు లెక్క తేల్చుకోవాలి. ఎవరు పెంచారు, ఎవరు తగ్గించారు అన్నది తెలియకుండా ఎవరు ఓటేశారని అడిగి లాభం లేదు.

ఆమెకు పట్టా వచ్చింది 'నవరత్నాలు - పేదలందరికీ ఇళ్లు' కింద. 2020 డిసెంబర్ 25న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి గారు తూర్పు గోదావరి కొమరగిరిలో మొదలుపెట్టిన పథకం. ముప్పై లక్షలకు పైగా పట్టాలు, అన్నీ ఆడవాళ్ళ పేరుమీదే. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటున్నర అంటే డెబ్బైరెండు గజాల పైచిలుకు. ఆ జాగాలో ఒక గది, వంటకు మూల, మరుగుదొడ్డి. మేకలు కట్టేసుకోవడానికి చోటుండదు. సుగాలీ ఇంట్లో మేకకు చోటు లేకపోతే సంసారం ఎట్లా సాగుతుందో ఆ కొలత వేసినవాళ్ళు ఆలోచించి ఉండాల్సింది.

ఇంటికి ఇచ్చే మొత్తం 1.80 లక్షలు. కేంద్ర పథకం పీఎంఏవై అర్బన్ కిందికి తెచ్చిన ఇళ్లకు ఇందులో లక్షన్నర కేంద్రానిది, మిగతా 30 వేలు ఉపాధి హామీ పనిదినాల రూపంలో. ఇసుక ఉచితం, సిమెంటు ఇనుము తక్కువ ధరకు. పైన కావాలంటే డ్వాక్రా మహిళలకు పావలా వడ్డీకి 35 వేల అప్పు. అంతకుముందు 2014-19 మధ్య పట్టణ పథకంలో ఇంటికి రెండున్నర లక్షలు. కేంద్రం లక్షన్నర, రాష్ట్రం లక్ష. అంటే ఇంటి జాగా పట్టాలు లక్షల్లో పెరిగాయి, ఇంటికిచ్చే డబ్బు తగ్గింది. ఈ రెండూ నిజమే. ఏ పార్టీ మనిషితో మాట్లాడినా ఇందులో ఒక సగమే చెప్తాడు.

ఇక డబ్బు పడే తీరు. బేస్‌మెంట్ లేస్తే ఒక బిల్లు, గోడలు రూఫ్ లెవల్‌కు వస్తే ఒకటి, స్లాబ్ పడితే ఇంకొకటి. ప్రతి దశలో ఫోటో, జియో ట్యాగింగ్. కట్టిన తర్వాతే డబ్బు. కట్టాలంటే ముందు చేతిలో డబ్బుండాలి. చేతిలో డబ్బున్నవాళ్ళ ఇళ్ళు స్లాబ్ దాకా పోయాయి, లేనివాళ్ళవి పునాదిలో ఉన్నాయి. లేఔట్‌లో ఒకసారి నడిస్తే ఎవరి సంసారం ఎట్లా ఉందో గోడల ఎత్తు చూసే చెప్పొచ్చు.

2020లో 1.80 లక్షలు. 2022లోనూ అంతే. 2024లోనూ అంతే. ఈ నాలుగేళ్ళలో మేస్త్రీ కూలి పెరిగింది, కంకర రేటు పెరిగింది, లారీ బాడుగ పెరిగింది. అంకె మారలేదు కాబట్టి ఎవరూ తగ్గించినట్టు కాదు. కాని ఆమె దగ్గరికి చేరే గోడ ఏటా తగ్గుతూ వచ్చింది. ఏ శాసనసభా ఓటు వేయకుండానే, ఏ చర్చా జరగకుండానే ఈ కోత పడింది. ఈ వాక్యం కింద గీత గీసుకున్నాను.

మార్చి 5, బుధవారం

ధర్మవరంలో ప్లీడరుగా ఉన్న మా బావమరిది కొడుకుతో ఫోన్లో చాలాసేపు మాట్లాడాను. ఇంటి సాయం ఎంత అన్నది చట్టంలో ఉండదు. జీవోలో ఉంటుంది. రెండున్నర లక్షలు 1.80 లక్షలు కావడానికి ఏ ఎమ్మెల్యే చెయ్యీ లేవనక్కర్లేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు. శాసనసభ ఓటేసేది మొత్తం శాఖ పద్దుకు. రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం డిమాండ్లు, 204 ప్రకారం ద్రవ్య వినిమయ బిల్లు.

ఆ ఓటు కూడా నోటిమాట ఓటు. అనుకూలురు ఒకసారి, వ్యతిరేకులు ఒకసారి అరుస్తారు, ఏ గొంతు పెద్దదో స్పీకర్ చెప్తారు. అభ్యంతరం లేకపోతే అంతటితో సరి. అభ్యంతరం చెప్పి డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, అడిగితేనే లెక్క తేలుతుంది. లోక్‌సభలోనైతే 367వ నిబంధన ఉంది. డివిజన్ అనవసరంగా అడిగారని స్పీకర్ భావిస్తే సభ్యుల్ని లేచి నిలబడమని తలలు లెక్కబెట్టి ఫలితం చెప్పేయవచ్చు. అప్పుడు పేర్లు నమోదు కావు.

"మామయ్యా, మీకు కావాల్సిన కాయితం లేనే లేదు," అన్నాడు. "పద్దు ఆమోదం పొందింది అని ఒక్క లైను ఉంటుంది. ధర్మవరం ఎమ్మెల్యే ఏమన్నాడో దాంట్లో ఉండదు."

ఉండదని ఊహిస్తూనే ఉన్నాను. అయినా ఒక ప్లీడరు నోట విన్నాక రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

మార్చి 9, ఆదివారం

ఇంగ్లండులో ఉంటున్న నా పాత విద్యార్థి ఫోన్ చేశాడు. వాడికి అక్కడి సంగతులు తెలుసని ఈ ప్రశ్నే వేశాను. వాడు చెప్పిన కథ, దాని మీద నేను చదివింది, వివరంగా రాసిపెట్టుకోవాలి.

అక్కడ కౌన్సిళ్ళు, హౌసింగ్ అసోసియేషన్లు పేదలకు ఇళ్ళు కట్టి తక్కువ అద్దెకు ఇస్తాయి. ఆ అద్దె కట్టుకోలేని వాళ్ళకు అప్పట్లో సర్కారు హౌసింగ్ బెనిఫిట్ ఇచ్చేది. 2012లో వెల్ఫేర్ రిఫార్మ్ చట్టం తెచ్చారు. 2013 ఏప్రిల్ 1 నుంచి, ఇంట్లో అవసరానికి మించి ఒక పడకగది ఉందని తేలితే అద్దెలో సాయానికి లెక్కగట్టే మొత్తంలో 14 శాతం కోత, రెండు గదులు ఎక్కువైతే 25 శాతం. పింఛను వయసు వాళ్ళను మాత్రం వదిలేశారు. సర్కారు దానికి ఏదో పేరు పెట్టుకుంది. జనం మాత్రం 'బెడ్‌రూమ్ టాక్స్' అన్నారు. ఖాళీ గది ఉందంటే చిన్న ఇంటికి మారమన్నారు. మారడానికి చిన్న ఇళ్ళే దొరకవు. గది ఖాళీగా ఉన్నట్టు కాగితం చెప్తుంది, ఆ గదిలో మంచాన పడిన బిడ్డకు సాయం చేసేవాళ్ళు రాత్రిళ్ళు పడుకుంటున్నారని కాగితానికి తెలియదు. స్కాట్లండు ప్రభుత్వం ఈ కోతను తన సొంత డబ్బుతో పూడ్చింది.

నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి సంగతి. 2013 నవంబర్ 12న ప్రతిపక్ష లేబర్ పార్టీ ఈ కోత రద్దు చేయాలని తీర్మానం పెట్టింది. అనుకూలంగా 226, వ్యతిరేకంగా 252. వీగిపోయింది. కాని ఆ 226 మంది ఎవరో, 252 మంది ఎవరో పేర్లతో సహా అచ్చయింది. అధికార కూటమిలో ఉండి కూడా లిబరల్ డెమోక్రాట్లు టిమ్ ఫారన్, ఆండ్రూ జార్జ్ ప్రతిపక్షంతో కలిసి ఓటేశారు. మరుసటి ఏడు సెప్టెంబర్ 5న అదే ఆండ్రూ జార్జ్ కోతను తగ్గించే సొంత బిల్లు తెస్తే రెండో పఠనంలో 306 - 231 తేడాతో నెగ్గింది. ఆ తర్వాత అది ముందుకు సాగనివ్వలేదు, చట్టం కాలేదు. అయినా ఎవరెటు నిలబడ్డారో ఊరూరా తెలిసిపోయింది.

వాళ్ళ పార్లమెంటులో ఓటేయడానికి సభ్యులు లేచి రెండు నడవాల్లో ఒకదాంట్లోకి నడిచి వెళ్ళాలి. ఒకటి అవుననే వాళ్ళది, ఒకటి కాదనే వాళ్ళది. 1836 నుంచి ఆ పేర్ల జాబితాలు అధికారికంగా ప్రచురిస్తున్నారు. అప్పటికి మన దత్తమండలాల్లో థామస్ మన్రో వేసిన రైత్వారీ శిస్తు నడుస్తోంది. మనకు ఓటే లేదు.

నా విద్యార్థి చెప్పాడు, వాడి పక్కింట్లో ఒక ముసలాయన, ఒంటరి మనిషి, ఎన్నికలప్పుడు గడపకు వచ్చిన ఎంపీని నిలబెట్టి మీరు ఫలానా రోజు మా అద్దె కోతకు ఓటేశారు, ఎందుకు అని అడిగాడట. ఎంపీ తడుముకోకుండా తన కారణం తాను చెప్పాడట. ముసలాయన ఒప్పుకోలేదట. వాళ్ళిద్దరి మధ్యా మాట జరగడానికి ఒక తేదీ, ఒక పేరు ఉన్నాయి. మా సుగాలి ఆమెకు ఆ రెండూ లేవు.

వాళ్ళ దేశం గొప్పదని రాసుకోవడం లేదు. పేదవాడి పడకగది కొలిచి సాయం కోసిన దేశం అది. కాని కోసిన చెయ్యి ఎవరిదో దాచలేదు.

మార్చి 12, బుధవారం

మా ఎమ్మెల్యేల గురించి న్యాయంగా రాయాలి.

ధర్మవరం నియోజకవర్గమంటే ధర్మవరం, బత్తలపల్లి, తాడిమర్రి, ముదిగుబ్బ. 2009లో కేతిరెడ్డి వెంకటరామిరెడ్డి గారు కాంగ్రెస్ నుంచి గెలిచారు, 2014లో గోనుగుంట్ల సూర్యనారాయణ గారు తెలుగుదేశం నుంచి, 2019లో మళ్ళీ కేతిరెడ్డి గారు వైఎస్సార్సీపీ నుంచి, 2024లో సత్యకుమార్ యాదవ్ గారు బీజేపీ నుంచి. నాలుగు ఎన్నికల్లో నాలుగు పార్టీలు. ఈ సీటు ఎవరికీ సొంతం కాదని జనం ప్రతిసారీ చెప్పారు. పోయినసారి తేడా 3,734 ఓట్లు. ముదిగుబ్బ మండలంలో నాలుగు పెద్ద ఊళ్ళు అటూ ఇటూ అయితే మారిపోయే లెక్క.

కేతిరెడ్డి గారు 'గుడ్ మార్నింగ్ ధర్మవరం' అని తెల్లవారగానే వీధుల్లో తిరిగేవారు. డ్రైనేజీ, పింఛను, ఇంటి బిల్లు, ఏదైనా అక్కడే అధికారిని పిలిచి అడిగేవారు. రాష్ట్రమంతా ఆ వీడియోలు చూసింది. ఆయన మా వీధిలో ఏం చేశారో అందరికీ తెలుసు. ఇంటి సాయం రెండున్నర లక్షల నుంచి 1.80 లక్షలకు దించిన పార్టీలో ఉండి, ఆ పద్దులు సభ ముందుకొచ్చిన రోజుల్లో లోపల ఏం అన్నారో ఎవరికీ తెలియదు. తెలిసే ఏర్పాటే లేదు.

సత్యకుమార్ గారు ఇప్పుడు ఆరోగ్య మంత్రి. మంత్రివర్గానిది ఉమ్మడి బాధ్యత, 164వ అధికరణం. గృహనిర్మాణ పద్దు మీద ఆయన తన ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేయడం కుదరని పని, వేయమని ఎవరూ అడగరు. అనుకూలంగా వేశారన్నదైనా పేరుతో నమోదైతే, ఆ పద్దులో ఇల్లు ఆగిపోయినప్పుడు ఆయన్ను అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

పైగా విప్ ఉంది, అంటే ఎటు ఓటేయాలో చెప్పే పార్టీ ఆదేశం. దానికి బలం 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు. పార్టీ మాట కాదని ఓటేస్తే సభ్యత్వం పోతుంది, పార్టీ పదిహేను రోజుల్లో క్షమిస్తే తప్ప. 1992లో కిహోటో హోలోహన్ కేసులో సుప్రీంకోర్టు ఈ షెడ్యూలును సమర్థిస్తూనే, సభ్యత్వం పోయే విప్‌ను ప్రభుత్వం నిలబడటం పడిపోవడం మీదకో, పార్టీ జనం ముందు పెట్టిన ప్రధాన విధానం మీదకో పరిమితం చేసి చదవాలని అన్నది. ఆ మాట పార్టీ ఆఫీసుల దాకా చేరినట్టు లేదు. చిన్న చిన్న బిల్లులకూ విప్ జారీ చేస్తున్నారు.

మార్చి 18, మంగళవారం

ఆగిపోయిన ఇళ్ళకు అదనపు సాయం ఈ నెలలో ప్రకటించారు. గృహనిర్మాణ మంత్రి కొలుసు పార్థసారథి గారు. ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజన తెగలకు లక్ష. నేనే వాళ్ళింటికి వెళ్ళి ఆమెకు చెప్పాను.

"డెబ్బైఐదు వేలా? ఈసారి నిజంగా పడ్తాదా సార్?"

ముఖం వెలిగింది. వెంటనే లెక్కలు వేసుకుంది. గోడలకు ఇంత, కిటికీకి ఇంత. పక్కనే కూర్చున్న ఒకాయన, ఓసీ కులం, ఆయన ఇల్లూ బేస్‌మెంట్‌లోనే ఉంది. "మాకేమీ లేదు గదా సార్," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ఆయన చేలో నాలుగేళ్ళలో చెనక్కాయ పంట ఎప్పుడూ సరిగా చేతికి రాలేదు. అదే లేఔట్‌లో అదే ఎండకు నిలబడిన అదే పునాది. గిరిజనులకు ఎక్కువ ఇవ్వడం ధర్మమే, ఆ మాట నేను ఎక్కడైనా నిలబడి చెప్తాను. అసలు ఏమీ ఇవ్వకపోవడం వేరే సంగతి. సభలో చర్చ జరిగి, ఓటు జరిగి ఉంటే ఎవరైనా ఒక సభ్యుడు లేచి ఆయన తరఫున మాట్లాడేవాడేమో.

ఈ పెంపు కూడా జీవోనే. మంచి పని కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పరు. నాకు మంచిపనికీ పేరు కావాలి. 2021 డిసెంబర్ 21న తణుకులో మొదలైన ఓటీఎస్, అంటే ఒకేసారి కట్టి అప్పు తీర్చుకునే పథకం, గుర్తుంది. 1983 నుంచి 2011 ఆగస్టు 15 దాకా సర్కారు అప్పుతో కట్టుకున్న ఇళ్ళకు పల్లెల్లో 10 వేలు, మున్సిపాలిటీల్లో 15 వేలు, నగరాల్లో 20 వేలు కడితే అప్పు రద్దు, ఇంటికి రిజిస్ట్రేషన్. సొంత హక్కు వస్తుందని కొందరు సంతోషంగా కట్టారు. ఎప్పుడో కట్టిన మొండిగోడలకు ఇప్పుడు పదివేలా అని కొందరు మొత్తుకున్నారు. ఎన్టీఆర్ కాలంలో కట్టించిన ఇంట్లో బతికిన ముసలమ్మ నన్ను అడిగింది, ఈ పదివేలు ఎవరు నిర్ణయించినారు నాయినా అని. ఆ ప్రశ్నా ఈ ప్రశ్నా ఒకటే. పార్టీలు మారాయి.

మార్చి 21, శుక్రవారం

నిన్న అసెంబ్లీ నిరవధికంగా వాయిదా పడింది. పద్దులన్నీ ఆమోదం పొందాయి. ఈరోజు ఢిల్లీలో లోక్‌సభ చర్చకు రాని శాఖల పద్దుల్ని 'గిలెటిన్' కింద ఒకేసారి ఆమోదించింది. దేశం మొత్తానికి ఇళ్ళు కట్టించే డబ్బు, మన హిందూపురం ఎంపీ బి.కె. పార్థసారథి గారు కూర్చునే సభలో.

మార్చి 24, సోమవారం

ఇంకొక సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతోంది. కాదనే గొంతు సభలో లేకపోవడం.

2017 చివర నుంచి 2019 దాకా వైఎస్సార్సీపీ అసెంబ్లీకి వెళ్ళలేదు. జగన్ గారు పాదయాత్రలో ఉన్నారు. అప్పటి ఇళ్ళ పథకం, ఎన్టీఆర్ ఇళ్ళ పద్దులు ప్రధాన ప్రతిపక్షం లేని సభలో గడిచాయి. 2021 మే 20న ఒక్కరోజు సమావేశం పెట్టారు, కోవిడ్ రెండో తరంగం నడుస్తోంది, తెలుగుదేశం బహిష్కరించింది. 2.29 లక్షల కోట్ల బడ్జెట్ ఆ ఒక్కరోజులోనే సభలోకి వచ్చి సభ దాటిపోయింది. 'పేదలందరికీ ఇళ్లు' లేఔట్ల డబ్బు, అంటే కొత్త జగనన్న కాలనీల డబ్బు, అందులోదే. అదే ఏడు నవంబర్ 19న చంద్రబాబు నాయుడు గారు ముఖ్యమంత్రిగా తప్ప తిరిగి రానని సభ నుంచి వెళ్ళిపోయారు. ఆయనకు జరిగిన అవమానం నిజమే, నేనూ టీవీలో చూసి తల దించుకున్నాను. ఇప్పుడు 175లో 11 మంది వైఎస్సార్సీపీ వాళ్ళు. ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని పోయిన నవంబర్ బడ్జెట్‌కు రాలేదు, ఈ ఫిబ్రవరి 24న గవర్నర్ ప్రసంగం రోజు వచ్చి వెళ్ళిపోయారు.

డివిజన్ అడగడానికి ఒక్కరు చాలు. హోదా అక్కర్లేదు, హోదాకు కావాలనే పదిశాతం సీట్లూ అక్కర్లేదు. పదకొండు మందిలో ఒక్కరు కూర్చుని గృహనిర్మాణ పద్దు వచ్చినప్పుడు లేచి అభ్యంతరం చెప్పి ఉంటే, స్పీకర్ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ సంగతి రికార్డులో ఉండేది. అలిగి ఇంట్లో కూర్చున్న ప్రతిపక్షం పేదవాడి తరఫున మాట్లాడే కుర్చీని కూడా ఖాళీగా వదిలేసింది. రెండు పార్టీలూ ఇదే చేశాయి. దీన్ని క్షమించలేకపోతున్నాను.

మార్చి 30, ఆదివారం. విశ్వావసు ఉగాది

పచ్చడి, ఓళిగలు. గుడిలో పంచాంగం విన్నాను. వానలు బాగుంటాయన్నారు, ఈ సీమకు అదొక్కటీ నిజమైతే చాలు.

మధ్యాహ్నం ప్లీడరు పిల్లవాడు వచ్చాడు. మాటల్లో 2011 గుర్తు చేశాడు. ఆ డిసెంబర్ 5న కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం మీద తెలుగుదేశం అవిశ్వాసం పెట్టింది. అనుకూలంగా 122, వ్యతిరేకంగా 160. జగన్ వైపున్న కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 16 మంది, ప్రజారాజ్యం నుంచి శోభా నాగిరెడ్డి గారు సొంత ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. మన జిల్లా నుంచి రాయదుర్గం కాపు రామచంద్రారెడ్డి, అనంతపురం గురునాథరెడ్డి. 2012 మార్చిలో స్పీకర్ నాదెండ్ల మనోహర్ వాళ్ళ సభ్యత్వాలు రద్దు చేశారు. జూన్ 12న ఉప ఎన్నికలు జరిగితే ఈ ఇద్దరూ మళ్ళీ గెలిచారు.

అంటే మన జిల్లా ఓటరుకు ఎమ్మెల్యే ఓటు తెలిసిన రోజు ఒకటి ఉంది. తెలిసింది కాబట్టి తీర్పు చెప్పాడు. నచ్చి గెలిపించాడా, ఇంకో కారణమా, దాని మీద వాదించుకోవచ్చు. కాని ఎవరెటు ఓటేశారన్న దాని మీద వాదన లేదు. కుర్చీ ఎవరిదన్న రోజు పేర్లు లెక్కబెట్టారు. పేదవాడి గోడ ఎంత ఎత్తన్న రోజు ఎందుకు లెక్కబెట్టరు?

ఏప్రిల్ 3, గురువారం

రాత్రి పొద్దుపోయేదాకా టీవీ చూశాను. వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో అర్ధరాత్రి దాటాక ఓటుకు వచ్చింది. అనుకూలం 288, వ్యతిరేకం 232. బిల్లు మీద నా అభిప్రాయం ఈ పుటల్లో అనవసరం. చూడాల్సింది ఇది. నిద్ర చాలక కళ్ళు మూతలుపడుతున్న ఐదువందల ఇరవై మంది ఓట్లు ఒక రాత్రి లెక్కబెట్టగలిగారు. మీట ఉంది, తెర ఉంది, చీటీలు ఉన్నాయి. ఇష్టముంటే కుదురుతుంది. రెండు వారాల కింద అదే సభ ఇళ్ళ పద్దును ఏ లెక్కా లేకుండా దాటించింది.

పొద్దున టీకొట్టులో ఎవరెవరు ఏ పక్కన ఓటేశారో కుర్రవాళ్ళు ఫోన్లలో చూసి చెప్పుకుంటున్నారు. పార్టీలుగా చీలిపోయి వాదించుకుంటున్నారు. రాజకీయం ఇట్లాగే ఉండాలి. పేరు తెలిస్తే మనిషి నిలదీస్తాడు.

ఏప్రిల్ 7, సోమవారం

శ్రీరామనవమి నిన్న అయిపోయింది. ఈరోజు ఉత్తరాలు రాశాను. ఎమ్మెల్యే గారికి ఒకటి, ఎంపీ గారికి ఒకటి, ఓడిపోయిన మాజీ ఎమ్మెల్యే గారికి ఒకటి, అందరికీ ఒకే విషయం. పంపే ముందు సుగాలి ఆమెకు చదివి వినిపించాను. ఒకచోట ఆపి, "మా ఇల్లు కట్టియ్యమని అడుక్కునేది ఎందుకు సార్ ముందర? ఓటేసినావా అని అడుగు," అంది. ఆ పేరా తీసేశాను. ఆమె చెప్పినట్టే మార్చాను.

ఉత్తరంలో ఉన్నది ఇంతే. మూడు అడిగాను.

వచ్చే బడ్జెట్ సమావేశాల్లో గృహనిర్మాణ పద్దు మీద నోటిమాట ఓటు వద్దు, డివిజన్ కావాలని ఏ పార్టీ సభ్యుడైనా అడగండి. అధికార పక్షమే అడిగితే ఇంకా మర్యాద. ఇంటి సాయం పెంచినా తగ్గించినా, ఎవరికి ఇచ్చినా ఎవరిని వదిలేసినా, జీవో ఇచ్చిన తర్వాత వచ్చే మొదటి సమావేశంలో దాన్ని సభ ముందు పెట్టి పేర్లతో ఓటు జరపండి. సభకు రాని సభ్యులు ఆ రోజు రాలేదని కూడా ఆ జాబితాలో రాయండి.

మేము అడుగుతున్నది ఒక ఇల్లు కాదని, ఎమ్మెల్యే ఓటు ఎటు పడిందో తెలుసుకోవడమని చివర రాసి, కింద నేను సంతకం చేశాను. ఆమె వేలిముద్ర వేస్తానంటే వద్దన్నాను. రాత్రి బడికి వచ్చి సంతకం నేర్చుకుంది కదా, అదే పెట్టమన్నాను. పెట్టింది. లేఔట్ నుంచి ఇంకో నలుగురైదుగురు వచ్చి పెట్టారు, అందులో ఆ ఓసీ కులం ఆయన కూడా ఉన్నాడు. మూడు కవర్లూ ముదిగుబ్బ పోస్టాఫీసులో రిజిస్టర్ చేశాను.